ఊరి పాత గ్రంథాలయం చరిత్ర రాయాలంటే ముందు గోడ చూడండి

మా నాయిన సుతారి, అంటే తాపీమేస్త్రి. నేను డిప్లొమా సివిల్ చదివి పదహారేళ్లుగా సైట్ల మీద పనిచేస్తున్నాను. నల్లగొండ జిల్లా నకిరేకల్‌కు కాస్త లోపలగా ఉన్న మా ఊళ్లో, బస్టాండు వెనక సందులో ఒక పాత గ్రంథాలయం ఉంది. రెండేళ్ల కింద దాన్ని పడగొట్టి స్లాబు బిల్డింగు కడదామని మాట లేచింది. "అండ్ల ఏమున్నది, పాత పెంకుటిల్లు" అన్నవాళ్లే ఎక్కువ. ఏముందో కాగితం మీద పెట్టమని లైబ్రేరియన్ నన్ను పట్టుకున్నాడు. రాసింది నలభై పేజీలు. పట్టింది ఎనిమిది నెలలు. అందులో నాలుగు నెలలు నేను చేసిన తప్పులు దిద్దుకోవడానికే పోయాయి. మీ ఊళ్లో అలాంటి గ్రంథాలయం ఉండి, దాని సంగతి రాయాలని మీకుంటే ఆ నాలుగు నెలలు మీకు మిగలాలని ఇది రాస్తున్నాను.

మొదటి తప్పు ఏంటంటే, నేను నేరుగా పెద్దమనుషుల దగ్గరికి పోయాను. నలుగురిని అడిగితే కట్టిన సంవత్సరాలు నాలుగు వచ్చాయి. వాళ్లలో ముగ్గురు తమ తాతే కట్టించాడన్నారు. వాళ్లు అబద్ధం చెప్పారని కాదు. చందా ఇచ్చినవాడి మనవడికి తాత కట్టించినట్టే ఉంటుంది. అయితే నా చేతిలో ఇంకో ఆధారం లేకపోవడంతో ఎవరి మాట ఎంతవరకు తీసుకోవాలో తెలియలేదు. అందుకే ముందు బిల్డింగు, తర్వాత అందులోని కాగితం, ఆ తర్వాతే మనుషులు. ఈ వరస తప్పితే మళ్లీ మొదటికొస్తారు.

బిల్డింగు ఎవరిదో ముందే కనుక్కోండి. కొన్ని జిల్లా గ్రంథాలయ సంస్థవి, కొన్ని పంచాయతీవి, కొన్ని ఇప్పటికీ పాత కమిటీ పేరు మీదే ఉంటాయి. ఎవరిదైతే వాళ్లకు ఒక తెల్లకాగితం రాసిచ్చి మొదలుపెట్టండి. లేకపోతే మీరు మేకుతో గోడ గీకుతున్న రోజే ఎవరో ఒకరు వచ్చి గొడవ పెట్టుకుంటారు. నాకు జరిగింది.

గోడ దగ్గర

30 మీటర్ల టేపు, టార్చిలైటు, ఒక పెద్ద మేకు, గళ్ల నోట్‌బుక్కు, ఫోను. ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. పొద్దున ఏడున్నర లోపు పోండి. ఎండ గోడకు ఏటవాలుగా పడే టైమది. మధ్యాహ్నం చదునుగా కనిపించే గిలాబు (గోడ ప్లాస్టరింగు) ఆ వెలుగులో ఎత్తుపల్లాలన్నీ బయటపెడుతుంది. ఎదురెండ పడే గోడకు ఇది పనిచేయదు, ఎండ పక్క నుంచి రాసుకుంటూ పోయే గోడకే. మిగతా గోడలకు రాత్రిపూట టార్చిలైటును గోడకు ఆనించినట్టు పట్టుకుని పక్క నుంచి వెలుగు వేయండి.

నేను దక్షిణం గోడ మీద అలా లైటు వేసినప్పుడు కిటికీ కింద రెండు నిలువు గీతలు కనిపించాయి. వెంట్రుకంత సన్నగా, కిటికీ చౌకట్టు అంచుల నుంచి తిన్నగా నేల దాకా దిగాయి. రెండింటి మధ్య గిలాబు పక్కదానికన్నా ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, ఉబ్బెత్తుగా ఉంది. మేకుతో గీతకు ఇటు గీకితే తెల్లగా పొడి రాలింది. అటు గీకితే మేకు జారింది, బూడిద రంగు చార పడింది. అంటే గోడంతా సున్నంతో కట్టింది, ఆ ముక్క మాత్రం సిమెంటుతో పూడ్చింది. అక్కడ ఒకప్పుడు తలుపు ఉండేది. తర్వాత ఎప్పుడో కింది సగం పూడ్చి పై సగాన్ని కిటికీ చేశారు. ఈ తలుపు గురించి నలుగురు పెద్దమనుషుల్లో ఒక్కరూ చెప్పలేదు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మేకు పరీక్ష గురించి ఒక మాట. నిమ్మరసం చుక్క వేస్తే సున్నం బుస్సుమంటుందని కొందరు చెప్తారు. నిజమే గానీ పాత సిమెంటు కూడా బుస్సుమంటుంది. మేకునే నమ్మండి. గీకేది గోడ మూలలో, అగ్గిపుల్లంత పొడవు చాలు. నేను మొదటిరోజు ఉత్సాహం కొద్దీ అరుగు మీది గోడకు పొరలు పొరలుగా ఉన్న సున్నం అరచేయి మేర గీకేశాను. కింద జాజు రంగులో రాసిన అక్షరాలు రెండు బయటపడ్డాయి, మూడోది నా మేకుకే పోయింది. అది ఏ మాటో ఇప్పటికీ తెలియదు. రంగు తగిలితే అక్కడే ఆగిపోండి, ఫోటో తీసుకోండి.

గోడ మందం కిటికీ దగ్గర కొలవండి, అన్ని కిటికీల దగ్గరా కొలవండి. మందం మారిందంటే అక్కడ కట్టిన కాలం మారిందనుకోవచ్చు. మా దాంట్లో ముందు గది గోడలు అడుగున్నర పైన ఉన్నాయి, వెనక గది గోడలు తొమ్మిది అంగుళాలు. కాబట్టి వెనక గది తర్వాత కలిపింది. ఇది తేల్చడానికి ఒక్క పొద్దు చాలింది. పెద్దమనుషులైతే రెండు గదులూ ఒకేసారి కట్టారని గట్టిగా చెప్పారు.

కింద బండలు చూడండి. పునాది, మెట్లు మన నల్లగొండ రాయే ఉంటాయి. గుట్టలు మనవే, కొట్టేవాళ్లూ మనవాళ్లే. లోపల పరిచిన నున్నటి బూడిద రంగు బండలు మాత్రం షాబాద్ బండలు. అవి గుల్బర్గా వైపు షాబాద్ నుంచి వచ్చాయి కాబట్టి ఆ పేరు. అప్పుడు అదీ నిజాం రాజ్యంలోనిదే. రైలు లేని మా ఊరికి అంత దూరం నుంచి బండలు తెప్పించారంటే ఆ కమిటీ దగ్గర డబ్బన్నా ఉండాలి, లేదా ఎవరో ఒక పెద్ద ఆసామి వెనకన్నా ఉండాలి. ఈ ప్రశ్న నోట్‌బుక్కులో రాసిపెట్టుకున్నాను, జవాబు తర్వాత చందాల పుస్తకంలో దొరికింది.

సున్నం ఎక్కడ నూరారో కూడా వెతకండి. డంగు సున్నం అంటే సున్నం, ఇసుక కలిపి గానుగలో ఎడ్లతో తిప్పించి మెత్తగా నూరింది. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసేవాళ్లని మా నాయిన చెప్పేవాడు. ఆ గానుగ గుంట గుండ్రంగా, రాళ్లు పరిచి ఉంటుంది. పని అయ్యాక దాన్ని ఎవరూ పీకెయ్యరు. మా గ్రంథాలయం వెనక దాన్నే పశువుల కుడితి తొట్టి అనుకుంటున్నారు.

పైకప్పు

పైకప్పు తిన్నగా తారీఖే చెప్పినట్టు అనిపిస్తుంది, మోసపోయేదీ అక్కడే. మనం బెంగుళూరు పెంకు అంటాం గానీ అది పుట్టింది మంగుళూరులో. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు 1865లో అక్కడ ఫ్యాక్టరీ పెట్టారు, తర్వాత చాలా కంపెనీలు వచ్చాయి. పెంకు వెనక్కి తిప్పితే కంపెనీ పేరు అచ్చు పడి ఉంటుంది. అయితే ఒక్క పెంకు చూసి రాసెయ్యకండి. కోతులున్న ఊళ్లో పెంకులు ఎన్నిసార్లు మారి ఉంటాయో లెక్కే లేదు. మా కప్పు మీద మూడు కంపెనీల పేర్లు కనిపించాయి. నడిమి దూలం దగ్గర, చూరుకు దూరంగా ఉన్నవే పాతవి. కోతులు ఎక్కువ తిరిగేది చూరు మీదే మరి.

దూలం బదులు రైలు పట్టా వేసిన కట్టడాలు మన వైపు చాలా ఉన్నాయి. పట్టా పక్కమీద దాన్ని పోసిన సంవత్సరం, కంపెనీ ఉబ్బు అక్షరాల్లో ఉంటాయి. అది పట్టా పుట్టినరోజు, బిల్డింగుది కాదు. రైళ్లు నడిచి నడిచి అరిగాక తుక్కు కింద అమ్మిన పట్టాలే మన ఇళ్లకు వచ్చాయి. కాబట్టి ఆ సంవత్సరం కంటే ముందు కట్టలేదని మాత్రమే మీరు రాయగలరు.

ఇక్కడే రిపేరు గురించి చెప్పేస్తాను, చరిత్ర రాసేవాళ్లను అందరూ అదే అడుగుతారు. ఒకప్పుడు ఒక కాంట్రాక్టరు మా గ్రంథాలయం లోపలి గోడలకు కింద మూడడుగుల మేర సిమెంటు గిలాబు చేశాడు. తడి రాకుండా అని. సున్నం గోడ నేలలోంచి పీల్చిన తడిని బయటికి వదిలేస్తుంది, సిమెంటు వదలనివ్వదు. ఆ తడి సిమెంటు దాటి పైకెక్కి నాలుగో అడుగు దగ్గర పొట్టు లేచింది. గోడలోని గూళ్లలో పెట్టిన పుస్తకాలకు బూజు పట్టింది. సున్నం గోడకు సున్నమే చేయించండి, దానికన్నా ముందు పైనుంచి కారే నీళ్లను ఆపండి.

శిలాఫలకం, ఫసలీ లెక్క

దర్వాజ పక్కన రాతిపలక ఉంటే అదృష్టవంతులు. కానీ దాని మీది తారీఖు చూసి నాలాగా తొందరపడకండి. మా పలక మీద "1345 ఫసలీ, తీర్" అని ఉంది. ఫసలీ అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్క, తీర్ అందులో ఒక నెల. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుందని నాకు తెలుసు, 1935 అని రాసేశాను. తప్పు. హైదరాబాద్ రాజ్యంలో ఫసలీ సంవత్సరం ఆజూర్ నెలతో అక్టోబరులో మొదలయ్యేది. ఆజూర్, దై, బహమన్ నెలలు అక్టోబరు నుంచి డిసెంబరు వైపు పడతాయి, వాటికి 590 కలపాలి. తర్వాతి నెలలకు జనవరి దాటిపోతుంది కాబట్టి 591. తీర్ ఎనిమిదో నెల, అంటే ఇంచుమించు మే. మా పలక 1936 ఎండాకాలానిది. సంవత్సరం తేడాతో ఏం పోయింది అంటారేమో. చందాల పుస్తకంలో జమలన్నీ 1936 జనవరి నుంచి ఉన్నాయి. బిల్డింగు అయిపోయాక చందా ఎవరిస్తారని నేను పదిహేను రోజులు టెన్షన్ పడ్డాను.

డబ్బుకూ ఇదే జాగ్రత్త. పలక మీద రూ. 116 అని ఉంటే అది హాలీ సిక్కానో కల్దారో చూడండి. హాలీ నిజాం రూపాయి, కల్దారు బ్రిటిషు రూపాయి. ఏడు హాలీలకు ఆరు కల్దార్ల లెక్క. 100 కల్దార్లకు 116 హాలీ రూపాయల పైచిలుకు వస్తాయి. మన నూటపదహార్ల ఆచారం అందులోంచే పుట్టిందని కొందరంటారు, నేనైతే దానిమీద పందెం కాయను.

పలక ఉర్దూలో ఉన్నా, పాత రసీదులు ఉర్దూలో ఉన్నా భయపడొద్దు. ఊళ్లో వెతికితే ఉర్దూ చదవడం వచ్చిన పెద్దమనిషి ఎవరో ఒకరు దొరకొచ్చు. మాకు దొరికింది రిటైరైన టైలరు. ఆయన చదివి చెప్తుంటే ఫోన్లో రికార్డు చేసుకున్నాను. రెండోసారి వేరే మనిషితో చదివించాను. ఇద్దరూ ఒకటే చెప్తే రాశాను.

పుస్తకాల మీది ముద్రలు

ఇప్పుడు లోపలికి. చాలామంది పుస్తకాల పేర్లు రాసుకుంటారు. మీరు ముద్రలు చూడండి. ఒక పాత పుస్తకం అట్ట తిప్పితే మా దాంట్లో మూడు రబ్బరు ముద్రలున్నాయి. ఊదారంగు గుండ్రటి ముద్ర తెలుగు, ఉర్దూ రెండింట్లో, కమిటీ పేరుతో. దానిమీద కొంచెం పక్కగా శాఖా గ్రంథాలయం అని నలుచదరం ముద్ర. మూడోది దాఖలా నంబరు (పుస్తకాన్ని రిజిస్టరులోకి ఎక్కించిన వరస నంబరు) ముద్ర, నంబరు ఒకసారి కొట్టేసి మళ్లీ వేశారు. కొట్టేసిందంటే ఎప్పుడో మొత్తం పుస్తకాలు తిరిగి లెక్కపెట్టారని. సాధారణంగా అది సర్కారు చేతిలోకి వెళ్లినప్పుడు జరుగుతుంది. హైదరాబాద్ రాష్ట్రంలో గ్రంథాలయాల చట్టం 1955లో వచ్చింది, ఆంధ్రప్రదేశ్ చట్టం 1960లో. మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల లైబ్రరీ సెస్సు ఆ చట్టం కిందే. కమిటీ ముద్ర ఆగి సంస్థ ముద్ర మొదలైన నంబరు పట్టుకుంటే ఊరి చేతిలోంచి సర్కారు చేతిలోకి ఏ పుస్తకం దగ్గర మారిందో వేలు పెట్టి చూపించొచ్చు.

సూర్యాపేట, భువనగిరి వైపు వాళ్లకు 2016 అక్టోబరు 11 తర్వాత జిల్లా పేరే మారింది. పాలమూరు వాళ్లకైతే నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల అప్పుడే విడిపోయాయి, 2019లో నారాయణపేట. మీ గ్రంథాలయం ఇప్పుడు ఏ జిల్లాలో ఉన్నా పాత దస్త్రాలు పాత జిల్లా కేంద్రంలో ఉండొచ్చు. అక్కడా అడగండి.

పత్రికల కట్టలుంటే తారీఖులకు అవే పెద్ద దిక్కు. షబ్నవీసు వెంకట రామనరసింహారావు నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక 1922లో మొదలుపెట్టారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాద్ నుంచి గోల్కొండ పత్రికను 1926 మే 10న తెచ్చారు. గోల్కొండకు చందా కట్టిన రసీదు దొరికితే ఆ గ్రంథాలయం ఆ తారీఖు తర్వాత నడుస్తున్నట్టే కదా. మా ఊరి కమిటీ పలక కంటే ముందే ఎవరి అరుగు మీదో నడిచిందని అలాగే తేలింది. ఇష్యూ రిజిస్టరు దొరికితే మాత్రం తిండి మానేసి కూర్చుంటారు. ఎవరు ఏ పుస్తకం ఎన్నిసార్లు తీసుకుపోయారో, ఎవరు తిరిగివ్వలేదో అందులో ఉంటుంది. పేర్లు మీ దగ్గరే ఉంచుకోండి. వాళ్ల మనవలు ఊళ్లోనే ఉన్నారు.

పాత పేజీలకు సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ చేయించకండి. కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా ఫోటో తీసి ఎక్కడిదక్కడ పెట్టేయండి.

గ్రంథాలయ ఉద్యమం అన్న మాట

1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టారు. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావుతోపాటు అందులో ముందున్న రావిచెట్టు రంగారావు మన నల్లగొండ జిల్లావాడే. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం వచ్చింది. ఆ తర్వాత ఊరూరా. తెలుగు చదువుకు చోటు తక్కువ, సభ పెట్టాలంటే పర్మిషన్ కావాలి. అప్పుడొచ్చిన గస్తీ నిషాన్ తిర్పన్, అంటే 53వ నంబరు ఉత్తర్వు, సభల మీద ఆంక్షలు పెట్టింది. నలుగురు కూర్చుని పేపరు చదువుకునే గది అప్పట్లో ఎంత పెద్ద సంగతో అందుకే అర్థమవుతుంది. నకిరేకల్ దగ్గర మాదారంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుని తిరిగి అమ్మిన మనిషి. దేశోద్ధారక గ్రంథమాల ఆయనదే, 1938లో మొదలైంది.

ఇదంతా గొప్పదే. అందుకే మీ ఊరి గ్రంథాలయాన్నీ దీనికి తగిలించెయ్యాలని చేతులు దురద పెడతాయి. ఆధారం ఉంటేనే తగిలించండి. 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగింది కాబట్టి పక్క ఊరి గ్రంథాలయం నుంచి కూడా జనం పోయే ఉంటారని నేను మొదట రాశాను. పోయే ఉంటారు. ఆధారం లేదు, కొట్టేశాను. కొన్ని గ్రంథాలయాలు నిజాంను ఎదిరించినవాళ్లు పెట్టినవి, కొన్ని దొర తన పేరు కోసం పెట్టినవి, కొన్ని ఒక్క పంతులు జీతంతో నడిచినవి. మీది ఏదైనా కావచ్చు.

మనుషుల దగ్గరికి

ఇప్పుడు పోండి. సంవత్సరం అడగకండి, ఎవరికీ గుర్తుండదు. "పోలీసు చర్యకు ముందా తర్వాతా?" అని అడిగితే హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిసిన 1948 సెప్టెంబరు దొరుకుతుంది. "సాగర్ కాలువకు నీళ్లొచ్చిన నాటికి ఉందా?" అని అడిగితే 1967 దొరుకుతుంది. ఆ ఏడాది ఆగస్టు 4నే ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. గోడ ఫోటో చేతిలో పెట్టి అడిగితే ఇంకా మంచిది.

గడపలు మార్చండి. నేను ఆర్నెల్లదాకా ఊరి నడిమి ఇళ్లలోనే తిరిగాను. తర్వాత ఆ పూడ్చిన తలుపు ఫోటో పట్టుకుని దళితవాడకు పోతే ఒక అవ్వ ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గిది మా తలుపు గదా బిడ్డా" అన్నది.

"మీదంటే?"

"మా అయ్య గీ తలుపు కాడ నిలవడి పేపరు ఇనేటోడు. లోపటికి రానిచ్చేటోళ్లు గాదు. లోపట ఒకాయన సదివితే బయట నలుగురు ఇనేది. ఎన్కసీరి మావోళ్లు పెద్ద దర్వాజ నుంచే పోవుడు పెట్టిండ్రు. గప్పుడు మూసిండ్రు దీన్ని."

పూడ్చింది సిమెంటుతో, ముందు గది గోడ సున్నంతో. అవ్వ చెప్పిన వరసకు గోడ చెప్పిన వరస సరిపోయింది. అయినా రెండింటినీ కలిపి ఒకే వాక్యంగా రాయలేదు. గోడలో కనిపించింది ఒక పేరాలో, అవ్వ మాట ఆమె మాటల్లోనే ఇంకో పేరాలో పెట్టాను. చదివేవాళ్లు కలుపుకుంటారు.

నక్షా (ప్లాను) గీయడం, అప్పగించడం

గళ్ల నోట్‌బుక్కులో ఒక గడికి ఒక అడుగు. నాలుగు గోడలు కొలిస్తే చాలదు, మూల నుంచి ఎదురు మూలకు రెండు వైపులా కొలవండి. ఆ రెండూ సమానంగా లేకపోతే గది వంకర ఉన్నట్టు, చూపులకు తెలియదు. ఉత్తరం గుర్తు వేయండి. ఇప్పుడున్న తలుపు గట్టి గీత, ఒకప్పుడు ఉండి పోయింది చుక్కల గీత. తర్వాత కలిపిన గది గీతల మధ్య ఏటవాలు గీతలు. కింద తేదీ, కొలిచిన మీ పేరు.

హైదరాబాద్ పోగలిగితే అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, తార్నాక స్టేట్ ఆర్కైవ్స్, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం చూడండి. చేతిలో పేరూ ఫసలీ సంవత్సరమూ లేకుండా పోతే మాత్రం రోజంతా కూర్చుని ఉత్తచేతులతో వస్తారు.

మూడు కాపీలు తీయించండి. ఒకటి గ్రంథాలయానికి, ఒకటి పంచాయతీకి, ఒకటి ఊరి బడికి. మా కమిటీలో ఒకాయన చదివి అంతా బాగుందన్నాడు, ఆ తలుపు పేజీ ఒక్కటి తీసేస్తే ఇంకా బాగుంటుందన్నాడు. అది తీస్తే మిగతా ముప్పై తొమ్మిది కూడా ఇవ్వనన్నాను. నెలరోజులు బేరం నడిచింది. చివరికి నలభై పేజీలతోనే దాఖలా నంబరు వేశారు. పడగొట్టే మాట ఇంకా పూర్తిగా పోలేదు, కప్పు రిపేరు ఎస్టిమేటు మాత్రం ముందుకెళ్లింది. అవ్వ మనవరాలు డిగ్రీ చదువుతుంది. మొన్న వచ్చి నక్షా కాపీ అడిగింది, చుక్కల గీత ఉన్న పేజీ జిరాక్స్ తీయించుకుని పోయింది.